ఏడు చేపల కథను మళ్ళీ రాస్తే కాపీ అవుతుందా?

ధర్మవరం మాస్టారు | శనివారం, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

పోయిన నెల ఒక కథల పోటీకి కథ పంపాను. ఏ పోటీ అనేది అనవసరం. మొన్న ఒక్క వాక్యం జవాబొచ్చింది. జానపద కథకు అనుకరణలా ఉందట, స్వీయరచనగా తీసుకోలేరట.

నా కథకు ఏడు చేపల కథే ఆధారం, దాచడం లేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తెస్తారు. ఆరు ఎండుతాయి, ఒకటి ఎండదు. ఎందుకెండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది చేప. గడ్డిమోపు ఆవు మీద చెబుతుంది, ఆవు పాలేరు మీద, పాలేరు బువ్వ పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది చీమ. మనందరికీ నోటికొచ్చిన కథే.

నేను దాన్ని మన అనంతపురం కరువులోకి తెచ్చాను. ఒక అవ్వ మనవరాలికి ఈ కథ చెబుతూ గడ్డిమోపు దాకా వస్తుంది. 'గడ్డిమోపా, గడ్డిమోపా, ఎందుకు అడ్డమొచ్చావ్?' 'నన్ను మేసే ఆవు లేదు. సంతలో అమ్మేసినారు.' అక్కడ గొలుసు తెగుతుంది. ఎవరమ్మారు, ఎందుకమ్మారు అని వేరే దారి పట్టి, అప్పు మీదికి, ఎండిన బోరు మీదికి, రాని వాన మీదికి పోయి చివరికి చీమ దగ్గర ఆగుతుంది. చీమే కరువు. ఇది నేను గాలిలోంచి తీసింది కాదు. చిన్నప్పుడు మా అవ్వ ఇట్లాగే చెప్పింది.

ఇంట్లో మా మనవరాలు ఆరేళ్ళది. రోజూ రాత్రి ఈ ఏడు చేపల కథే కావాలంటుంది. ఒక్క మాట మార్చినా 'అట్ల కాదు తాతా' అని నా నోరు మూస్తుంది. వంద సార్లు విన్నదే ఆ పిల్లకు కావాలి. పోటీ వాళ్ళకేమో ఎన్నడూ విననిది కావాలి. అసలు మనిషి కథ ఎందుకు వింటాడు, కొత్తదని దేన్ని అంటాడు? మీ అనుభవంతో చెప్పండి.

ఉగ్గాని బజ్జీ | శనివారం, రాత్రి 8:22

కథ ఇక్కడ పెట్టండి మాస్టారూ. కాపీనా కాదా మేం తేలుస్తాం.

బద్వేలు బాబాయి | శనివారం, రాత్రి 9:05

మాస్టారూ, మీరు అనవసరంగా మనసు పాడుచేసుకుంటున్నారు. కొత్త కథ అనేది లోకంలో లేదు. ఉన్నదల్లా పాత కథ, కొత్త నోరు.

మా బద్వేలు పక్కనే గోపవరం. మొల్ల ఊరు అదేనంటాం. ఆమె రామాయణం మొదలుపెడుతూనే మీ ప్రశ్నే వేసుకుంది, ముందు కవులు చెప్పేసిన కథను మళ్ళీ చెప్పడమెందుకని. రాజూ దైవమూ అయిన రాముణ్ణి కొలిస్తే తప్పేముందని తనే జవాబిచ్చుకుంది. ఆమె కలం పట్టేనాటికే తెలుగులో రంగనాథ రామాయణం ఉంది, భాస్కర రామాయణం ఉంది. ఆ రోజు ఈ పోటీ వాళ్ళే కూర్చుని ఉంటే 'అనుకరణ' అని ఒక్క వాక్యం రాసి పంపించేవాళ్ళు.

రష్యాలో వ్లదిమీర్ ప్రాప్ అనే పండితుడు ఉండేవాడు. వంద జానపద కథలు తీసుకుని, మెకానిక్ ఇంజన్ విప్పినట్టు విప్పి, ఏ భాగం ఏ పని చేస్తుందో లెక్కపెట్టాడు. 31 తేలాయి. 1928లోనే పుస్తకం వేశాడు. లోకంలో ఏ కథ తీసుకున్నా ఆ 31లోనే తిరగాలి. ఇంక స్వీయరచన ఎక్కడిది?

కొండారెడ్డి బురుజు | శనివారం, రాత్రి 9:18

చిన్న సవరణ. ప్రాప్ లెక్క రష్యన్ అద్భుత కథలకు మాత్రమే. రాకుమారుడు, రాక్షసుడు, మాయ వస్తువు ఉండే రకం. ఏడు చేపలది గొలుసు కథ. అది ఆ 31లోకి రాదు.

బద్వేలు బాబాయి | శనివారం, రాత్రి 9:26

అన్ని కథలకూ అని నేననలేదు.

కొండారెడ్డి బురుజు | శనివారం, రాత్రి 9:27

'లోకంలో ఏ కథ తీసుకున్నా' అన్నారు. పైనే ఉంది.

బద్వేలు బాబాయి | శనివారం, రాత్రి 9:40

మాట పట్టుకుని వేలాడేవాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. భావం చూడాలి నాయనా.

కళ్యాణదుర్గం రైతు | శనివారం, రాత్రి 9:44

మాస్టారు గారూ, కథ బాగానే ఉంది. ఒక్కటి అర్థం కాలేదు. గడ్డిమోపు వాకిట్లో ఉంది అంటారు. గడ్డి ఉండగా ఆవును ఎందుకు అమ్ముతారు? కరువులో ముందు గడ్డి అయిపోతుంది, ఆ తర్వాత ఆవు పోతుంది.

ధర్మవరం మాస్టారు | శనివారం, రాత్రి 9:52

అది ప్రతీక అండీ. గడ్డిని గడ్డిగానే చూడకూడదు.

కళ్యాణదుర్గం రైతు | శనివారం, రాత్రి 9:53

ప్రతీకను ఆవు మేయదు సార్.

నంద్యాల నాగమణి | శనివారం, రాత్రి 10:15

రైతు అన్నా 😄

మాస్టారు గారూ, 'ఎందుకు వింటాడు' అనే దానికి నాకు తెలిసింది చెప్తాను. 1944లో హైడర్, సిమ్మెల్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న ఫిల్మ్ తీశారు. అందులో మనుషులు లేరు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక గుండ్రటి చుక్క, తలుపున్న ఒక పెట్టె. అవి అటూ ఇటూ కదులుతుంటాయి, అంతే. ఏం చూశారో రాయమంటే మొదటి బృందంలో 34 మందిలో ఒక్కరు మాత్రమే 'త్రిభుజం ఇటు కదిలింది' అని ఆకారాల లెక్కన రాశారు. మిగిలినవాళ్ళంతా కథ రాశారు. పెద్దది రౌడీ, చిన్నది ధైర్యం కలది, గుండ్రంది భయపడుతోంది, ఇట్లా.

నేను ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతాను. వాళ్ళకూ ఆ ఫిల్మ్ చూపించాను. అయిపోగానే వెనక బెంచీ వాడు లేచి 'మేడమ్, పెద్ద త్రిభుజానికి సుమో ఒక్కటే తక్కువ' అన్నాడు.

కథ మనం నేర్చుకునేది కాదేమో, చూపులోనే ఉందేమో అనిపిస్తుంది నాకు. ఏది కదిలినా దానికి ఒక పగ, ఒక భయం అంటగట్టకుండా ఉండలేం.

తుంగభద్ర నీళ్ళు | శనివారం, రాత్రి 10:31

మేడమ్, మీ వెనక బెంచీ వాడు నవ్వించడానికి అన్నాడు కానీ నాకు మండింది. మన జిల్లాల గురించి బయటివాళ్ళకు తెలిసింది ఒకటే కథ. సుమోలు లేవాలి, తొడ కొట్టాలి, బాంబు పడాలి. బెంగళూరులో నేను రూమ్ అడగడానికి పోతే ఓనర్ ఊరు పేరు వినగానే 'కర్నూలా, బాంబులేమైనా తెస్తావా' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, రూమ్ మాత్రం ఇవ్వలేదు. పాత కథను మళ్ళీ మళ్ళీ చెబితే తప్పేంటి అని బాబాయి గారు సులభంగా అనేశారు. ఆ కథలో విలన్ ఊరు మీది అయితే తెలుస్తుంది తప్పేంటో.

బద్వేలు బాబాయి | శనివారం, రాత్రి 10:38

మాదీ కడప జిల్లానే నాయనా. ఆ బాధ నాకు కొత్త కాదు.

హిందూపురం హరి | ఆదివారం, ఉదయం 6:50

లేపాక్షి చూడండి. జటాయువు పడిపోతే రాముడు 'లే పక్షీ' అన్నాడని ఒక కథ. కట్టించిన విరూపణ్ణ తన కళ్ళు తనే పీకి గోడకు కొట్టాడని ఇంకో కథ, ఆ మరకలు కూడా చూపిస్తారు. వేలాడే స్తంభం కింద టవలు దూర్చి చూపిస్తారు. ఒక్క గుడికి ఇన్ని కథలు. ఎవరూ కాపీ అనలేదు.

కొండారెడ్డి బురుజు | ఆదివారం, ఉదయం 8:02

ఆ స్తంభం పూర్తిగా వేలాడదు. ఒక మూల నేలకు ఆనుకునే ఉంది.

హిందూపురం హరి | ఆదివారం, ఉదయం 8:05

నేను స్వయంగా టవలు దూర్చాను.

కొండారెడ్డి బురుజు | ఆదివారం, ఉదయం 8:06

నాలుగు మూలలా దూరిందా?

నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 8:30

స్తంభం గురించి వేరే చర్చా దారం (థ్రెడ్) ఉంది. అక్కడ ఇప్పటికే 140 సమాధానాలున్నాయి. దయచేసి అక్కడికి పదండి.

బొమ్మలాట పిల్లోడు | ఆదివారం, ఉదయం 10:12

మా నాయన తోలుబొమ్మలు ఆడించేవాడు. మేక తోలు, రంగులు, తెర వెనక దీపం. రాత్రి మొదలుపెడితే తెల్లవారేదాకా. కొత్తదనం ఎక్కడుంటుందో ఆయన చూపించాడు, నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

రామాయణం ఏ ఊర్లోనూ మార్చడు. మార్చితే ముసలివాళ్ళు లేచి తిడతారు. కానీ మధ్యలో కేతిగాడు వస్తాడు, బంగారక్క వస్తుంది, జుట్టుపోలిగాడు వస్తాడు. ఏ ఊరికి పోయినా నాయన సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒక గంట కూర్చుంటాడు. ఊర్లో పిసినారి ఎవరు, బోరు దగ్గర ఎవరెవరు కొట్టుకున్నారు, ఎవరి పెళ్ళి ఆగింది, అన్నీ వింటాడు. రాత్రి కేతిగాడి నోట్లోంచి అవే వస్తాయి, పేర్లు తీయకుండా. అప్పటిదాకా కునుకుతున్న వాళ్ళు లేచి కూర్చుంటారు. సీత ఏమవుతుందో అందరికీ తెలుసు. కేతిగాడు ఏమంటాడో ఎవరికీ తెలియదు.

ఆయన చెప్పిన దాన్ని ఎవరూ స్వీయరచన అనలేదు, ఆయనా అనుకోలేదు. ఇప్పుడు నేను అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు చేస్తున్నా. వాటికే గిరాకీ. వాటి మీద రాముణ్ణి ఎవరూ అడగరు, నెమళ్ళు చాలంటారు.

ఉగ్గాని బజ్జీ | ఆదివారం, ఉదయం 10:20

అన్నా, ఈ దారం మొత్తానికి ఇదొక్కటి చాలు.

నంద్యాల నాగమణి | ఆదివారం, ఉదయం 11:00

మీ నాయన గురించి చదివితే ఇంకొకటి గుర్తొచ్చింది. ఫిలిప్పీన్స్‌లో ఆగ్తా అని వేటాడి బతికే జనం ఉన్నారు. వాళ్ళ మీద 2017లో ఒక పరిశోధన వచ్చింది. కథలు బాగా చెప్పేవాళ్ళు ఎక్కువున్న గుడారాల్లో జనం ఒకరికొకరు ఎక్కువ సాయం చేసుకున్నారట. ఎవరితో కలిసి ఉండాలనుంది అంటే కథ బాగా చెప్పేవాణ్ణి ఎక్కువమంది కోరుకున్నారట.

బొమ్మలాట పిల్లోడు | ఆదివారం, ఉదయం 11:04

మా నాయన ఆ అడవిలో పుట్టాల్సింది మేడమ్.

ఎర్రగుంట్ల షేక్ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఉగాది నాడు దేవుని కడపకు వచ్చి చూడండి. పొద్దున్నే మావాళ్ళు వరసలో నిలబడి ఉంటారు, వెంకటేశ్వర స్వామికి భత్యం, అంటే వంట సరుకులు, ఇవ్వడానికి. మా అమ్మ కూడా పోతుంది. ఎందుకంటే బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచు, స్వామి మాకు అల్లుడు. పండక్కి అల్లుడింటికి వట్టి చేతులతో పోతారా?

ఈ కథ ఎవరు మొదలుపెట్టారు, సొంతమా, కాపీనా అని మా అమ్మను అడిగితే బుర్ర పనిచేస్తోందా అంటుంది. ఆమె చూసేది ఒక్కటే, ఎవరు మనకు ఏమవుతారు అని. నాకు తెలిసి కథ పని అదే.

బద్వేలు బాబాయి | ఆదివారం, మధ్యాహ్నం 2:40

షేక్ చెప్పింది అక్షరసత్యం. ఇంకొక మాట.

గుణాఢ్యుడి సంగతి వినే ఉంటారు. పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాల కథ రాసి రాజుకు పంపిస్తే, ఈ భాష మాకొద్దు పొమ్మన్నాడు. అప్పుడాయన అడవిలో మంట వేసి, ఒక్కో ఆకు చదివి మంటలో వేస్తూ పోయాడు. చుట్టూ మృగాలు మేత మాని, కన్నీళ్ళు పెట్టుకుని విన్నాయి. ఆరు లక్షలు కాలిపోయాక రాజు పరుగెత్తుకొచ్చాడు. మిగిలిన లక్షే బృహత్కథ. అది కూడా మూలం దొరకదు, వేరేవాళ్ళు మళ్ళీ చెప్పినవే మిగిలాయి. అంటే మళ్ళీ చెప్పినవాడి వల్లే కథ బతికింది. మాస్టారు చేసిందీ అదే. ఆయనకు శాలువా కప్పాల్సింది పోయి కాపీ అంటారా?

కళ్యాణదుర్గం రైతు | ఆదివారం, మధ్యాహ్నం 2:52

మేత మాని కథ విన్న మృగాలు చిక్కిపోలేదా బాబాయ్?

బద్వేలు బాబాయి | ఆదివారం, మధ్యాహ్నం 2:58

చిక్కిపోయాయి. రాజుగారి వంటశాలకు ఎండిన మాంసం వస్తుంటేనే విషయం బయటపడింది. అది కథలోనే ఉంది.

కళ్యాణదుర్గం రైతు | ఆదివారం, మధ్యాహ్నం 3:01

చూశారా, ఆ కథ రాసినాయనకు మేత సంగతి తెలుసు. మాస్టారు గారూ, నా ప్రశ్న అట్లే ఉంది. గడ్డి ఉండగా ఆవును ఎందుకు అమ్మినారు?

కొండారెడ్డి బురుజు | ఆదివారం, సాయంత్రం 4:20

అందరూ కథకు హారతి పడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రతి ఫోన్‌లో ఒక పద్యం తిరిగింది, బ్రహ్మంగారు కాలజ్ఞానంలో ముందే చెప్పారని. మా ఇంట్లోనే నలుగురు పంపారు. ఏ ప్రతిలో ఉంది, ఎవరు చూశారు అంటే జవాబు లేదు. కానీ అందరికీ అది చిన్నప్పుడు విన్నట్టే ఉంది. మా పెదనాన్నయితే 'మా తాత పాడేవాడు' అని ఒట్టేశాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే తాత పాడినట్టు గుర్తొచ్చింది ఆయనకు. కథతో నాకు భయం అక్కడే. అది వచ్చి కూర్చున్నాక, ముందు నుంచీ ఇక్కడే ఉన్నాను అంటుంది.

పెన్నా ఇసుక | ఆదివారం, సాయంత్రం 4:33

మాస్టారు గారూ, ఆ కరువు కథ మీ అవ్వే చెప్పిందని మీకు ఖాయంగా గుర్తుందా?

ధర్మవరం మాస్టారు | ఆదివారం, సాయంత్రం 5:10

మా అవ్వ కాక ఇంకెవరు చెబుతారమ్మా? ఆమె గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

రైతు గారూ, మీరు మూడోసారి అదే అడుగుతున్నారు. సాహిత్యంలో ప్రతి గడ్డిపరకకూ లెక్క చెప్పరు. కథను కథగా చదవడం రాకపోతే ఎవరం ఏం చేయలేం.

కళ్యాణదుర్గం రైతు | ఆదివారం, సాయంత్రం 5:14

కథ చదవడం రాదు సార్. ఆవును అమ్మడం వచ్చు. రెండుసార్లు అమ్మినాను.

తుంగభద్ర నీళ్ళు | ఆదివారం, సాయంత్రం 5:16

మాస్టారూ, అది బాగాలేదు.

పెన్నా ఇసుక | ఆదివారం, రాత్రి 8:47

రైతు అన్నా, మీ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది.

2003 ఎండాకాలం. నాకు ఏడేళ్ళు. మాది పెన్న ఒడ్డున ఒక పల్లె, ఏటి పేరే కానీ నీళ్ళు చూసింది తక్కువ. అంతకు ముందటి ఏడాది బుడ్డలు (వేరుశెనగ) వేస్తే విత్తనం కూడా తిరిగి రాలేదు. బుడ్డల కట్టె కూడా లేదు ఆవుకు వేయడానికి. మా నాయన ఆవును తోలుకుని సంతకు పోయి, సాయంత్రం తాడు మాత్రం తెచ్చినాడు. మూడో రోజు గడ్డి లారీ వచ్చింది, కరువు సాయం. పశువులున్న ఇళ్ళ జాబితా ముందే రాసుకున్నారు కాబట్టి మా పేరు కూడా ఉంది. మా వంతు మోపు మా వాకిట్లో దించిపోయినారు. గడ్డి ఉంది, ఆవు లేదు. ప్రతీక కాదన్నా, జరిగింది.

ఆ రాత్రి నేను జేజిని, అంటే మా అవ్వను, ఏడు చేపల కథ చెప్పమన్నాను. ఆమె చెబుతూ గడ్డిమోపు దాకా వచ్చింది. నేను ఎప్పటిలాగే 'ఆవా, ఆవా, ఎందుకు మేయలేదు' అన్నాను. జేజి కాసేపు ఏమీ అనలేదు. 'ఆవు యాడుందే, అమ్మేస్తిమి కదా' అని అటు తిరిగి పడుకుంది. కథ అంతే. పాలేరు రాలేదు, చీమా రాలేదు. మళ్ళీ ఆమె నాకు ఆ కథ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇది నేను ఈ వేదికలోనే నాలుగేళ్ళ కింద రాశాను. 'మీ జేజి చెప్పిన కథలు' అనే దారం. దాని కింద ధర్మవరం మాస్టారు 'కళ్ళు చెమర్చాయమ్మా' అని రాశారు. ఇప్పటికీ ఉంది. లారీ సంగతి మాత్రం నేను ఆ రోజు రాయలేదు. అందుకే ఆయన దగ్గర జవాబు లేదు.

ఉగ్గాని బజ్జీ | ఆదివారం, రాత్రి 8:50

అమ్మో.

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 9:12

పాత దారం వెతికాను. సభ్యురాలు చెప్పింది నిజమే. మాస్టారి వ్యాఖ్య కూడా ఉంది. అందరూ మర్యాద పాటించండి.

ధర్మవరం మాస్టారు | ఆదివారం, రాత్రి 10:40

నేను దొంగను కాదమ్మా. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఒకరి వాక్యం ఎత్తుకోవాల్సిన అవసరం నాకు లేదు. మా అవ్వ కూడా ఏడు చేపల కథ చెప్పేది, మా ఇంట్లో కూడా పశువులు పోయాయి. ఇట్లాంటివి వెయ్యి ఇళ్ళల్లో జరిగి ఉంటాయి.

బద్వేలు బాబాయి | ఆదివారం, రాత్రి 10:55

అమ్మాయ్, కొంచెం ఆలోచించు. ఏడు చేపల కథ మీ జేజి సొంతంగా అల్లిందా? ఆమె వాళ్ళ జేజి దగ్గర వినింది. మరి నువ్వు మాస్టారిని ఏ ముఖం పెట్టుకుని అడుగుతావు? మొల్ల వాల్మీకిని అనుమతి అడిగిందా?

పెన్నా ఇసుక | ఆదివారం, రాత్రి 11:03

బాబాయ్ గారూ, చేపలు అందరివీ. గడ్డిమోపు, చీమ కూడా మీరే తీసుకోండి. ఆవు మాది.

దానికి ఒక పేరుంది. ఆ రోజు రాయలేదు, ఇప్పుడూ రాయను.

బద్వేలు బాబాయి | ఆదివారం, రాత్రి 11:10

ఇది కోపం, వాదన కాదు. కథ ఒకసారి నోరు దాటాక ఊరిదవుతుంది. మేం అట్లే పెరిగాం.

పెన్నా ఇసుక | ఆదివారం, రాత్రి 11:24

అవును, కోపమే. రెండు రోజుల నుంచీ కొత్తదా పాతదా అని మీరందరూ రాస్తుంటే చదువుతున్నాను. నాకు పోటీ వద్దు, బహుమతి వద్దు. ఆయన మా ఆవు కథ చెప్పినందుకు కూడా నాకు బాధ లేదు, నేనే నలుగురిలో పెట్టాను కదా. జేజి ఆపేసిన కథను ఆయన ముగించారు. అప్పు అని, బోరు అని, చివర చీమే కరువు అని. ఆమె నోట మాట రాక ఆగిపోయింది. ఆయన అక్కడ పాఠం చెప్పారు.

కొండారెడ్డి బురుజు | ఆదివారం, రాత్రి 11:31

ఒక విచిత్రం గమనించారా? చేపలు అందరివి, ఆవు ఈమెది, మాస్టారు సొంతంగా కలిపింది ఆ ముగింపు ఒక్కటే. పోటీ వాళ్ళు అనుకరణ అన్నారు కానీ కథలో స్వీయరచన ఏదైనా ఉంటే అదే.

కళ్యాణదుర్గం రైతు | ఆదివారం, రాత్రి 11:33

అదే బాగాలేదు కూడా.

బొమ్మలాట పిల్లోడు | సోమవారం, ఉదయం 6:15

మా నాయన ఆట మొదలుపెట్టే ముందు దేవుళ్ళను తలుచుకున్నాక, తనకు నేర్పినవాళ్ళను తలుచుకుంటాడు. వాళ్ళ నాయన, మేనమామ, ఇంకో ఇద్దరు. పేర్లన్నీ పైకి చెప్తాడు. వినేవాళ్ళకు ఆ పేర్లతో పనిలేదు, బీడీలు ముట్టించుకుంటూ ఉంటారు. అయినా చెప్తాడు. ఊరిది అనుకునే కథకు కూడా మా దగ్గర ఆ లెక్క ఉంది బాబాయ్.

ఎర్రగుంట్ల షేక్ | సోమవారం, ఉదయం 7:40

మాస్టారు పెద్దాయన. కావాలని చేసి ఉండరు. బురుజు అన్న చెప్పిన పెదనాన్న లాగే అయి ఉంటుంది.

ధర్మవరం మాస్టారు | సోమవారం, ఉదయం 9:20

రాత్రి నిద్ర పట్టలేదు. పాత దారం తీసి చదివాను. నా వ్యాఖ్య నేనే చదువుకున్నాను. రాసినట్టు గుర్తు లేదు. కానీ నేనే రాశాను.

ఒట్టేసి చెప్తున్నాను, నాకు మాత్రం మా అవ్వే చెప్పినట్టు ఉంది. మా పాత ఇంటి పంచ, కిరోసిన్ బుడ్డి, ఆమె అటు తిరిగి పడుకోవడం కూడా కనిపిస్తోంది. 'అటు తిరిగి పడుకుంది' అన్న మాట నీ పోస్టులో ఉంది. నా కథలో లేదు. మరి నాకెట్లా కనిపిస్తోందో తెలియడం లేదు.

రైతు గారికి క్షమాపణ చెప్తున్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మా, కథను ఎక్కడైనా వేస్తే నీ పేరు, మీ జేజి పేరు పైన వేస్తాను. సరేనా?

పెన్నా ఇసుక | సోమవారం, ఉదయం 9:58

పేర్లు వద్దు సార్. 'మా అవ్వ చెప్పింది' అనే మాట, చీమ, ఆ రెండూ తీసేయండి.

ధర్మవరం మాస్టారు | సోమవారం, ఉదయం 10:06

ఆ రెండూ తీసేస్తే కథలో ఇంక ఏముంటుందమ్మా?

హిందూపురం హరి | సోమవారం, ఉదయం 10:30

స్తంభం దారంలో ఫోటో పెట్టాను. టవలు మూడు మూలలా దూరింది. చూడండి.

కళ్యాణదుర్గం రైతు | సోమవారం, సాయంత్రం 6:02

చెల్లెమ్మా, ఆ గడ్డిమోపు ఏం చేసినారు మరి?

పెన్నా ఇసుక | సోమవారం, సాయంత్రం 6:20

రెండు రోజులు వాకిట్లోనే ఉంది అన్నా. తర్వాత పక్కింటి వాళ్ళ ఎనుముకు వేసినాం.